డబ్బాల దారి

అబ్బాయిరాజు గారింట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. పాలేరుని పిలిచినా మెత్తగానే పిలుస్తారు. పాలు విరిగిపోయాయని చెప్పాలన్నా ముందు 'మీరేమీ అనుకోకండి' అని మొదలుపెడతారు. ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఇన్నేళ్ళయినా శ్రీసత్యని ఒక్కరంటే ఒక్కరు కసిరింది లేదు. ఫలానా పని వద్దని కూడా ఎవరూ అనలేదు. 'మీకెందుకమ్మా శ్రమ' అనేవారు, అంతే. ఆ మాట వచ్చాక ఆ పని ఇక జరగదని ఆ ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.

శనివారం పొద్దున్న ఆమె భర్త శ్రీనివాసరాజు ఒక కాగితమూ పెన్నూ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు.

"ఇక్కడ పెట్టండి," అన్నాడు, సంతకం చోటు వేలితో చూపిస్తూ.

కిందటేడు, రెండువేల ఒకటిలో, మాడులంక పంచాయతీ ఆడవాళ్ళకి రిజర్వయింది. అబ్బాయిరాజు గారు కోడలి పేరు రాయించారు, కోడలు గెలిచింది. ఎన్నికల పోస్టరు మీద పేరు శ్రీసత్యది, ఫొటో శ్రీనివాసరాజుది. పంచాయతీ ఆఫీసు గుమ్మం ఎలా ఉంటుందో ఆమెకి ఇప్పటికీ తెలియదు. వీధిలైట్ల కాగితం వచ్చింది, సంతకం పెట్టింది. బోరింగు కాగితం వచ్చింది, పెట్టింది. ఇవాళ మాత్రం ఎందుకో పెన్ను మూత తీసి కాగితం చదవడం మొదలుపెట్టింది. భర్త గడియారం వంక చూసుకున్నాడు.

అబ్బాయిరాజు గారి రెండు చెరువుల మధ్య పాత డ్రెయిను పారే గండి ఒకటుంది. ఆ గండి పూడ్చి, రెండు గట్లూ కలిపి, మీద రోడ్డు పోసుకోవడానికి పంచాయతీకి ఏ అభ్యంతరమూ లేదని ఆ కాగితం సారాంశం.

"గండి పూడిస్తే జాలర్ల పాలెం వాళ్ళ పడవలు ఊళ్ళోకి ఎలా వెళ్తాయండీ?" అంది.

శ్రీనివాసరాజు నిజంగానే తికమకపడ్డాడు. అతను చెడ్డవాడు కాదు. అతనికి ఆ ప్రశ్న ఇదివరకు తట్టలేదు. "నాన్నగారు చూసుకుంటారు కదా," అన్నాడు.

పక్క గదిలో పేపరు మడత పెట్టిన చప్పుడైంది. అబ్బాయిరాజు గారు గుమ్మం దాకా వచ్చి, కోడలున్న గదిలోకి అడుగు పెట్టకుండా అక్కడే నిలబడ్డారు. తెల్లటి పంచె, తెల్లటి చొక్కా, ముఖాన చిరునవ్వు.

"రోడ్డు పడితే మీకే సుఖం అమ్మాయిగారూ. వానాకాలంలో కూడా జీపు మన గుమ్మంలోకి వస్తుంది," అన్నారు. జీపుకి పరదా ఉందన్న సంగతి ఆయన చెప్పలేదు, చెప్పక్కర్లేదు.

"అది కాదు మామయ్యగారండీ. పాలెం వాళ్ళకి ఉన్న దగ్గర దారి అదొక్కటే కదండీ."

"మీకు మనసొప్పకపోతే పెట్టకండమ్మా. బలవంతం ఏముంది? బుధవారం మీటింగుకి మండలాఫీసు నుంచి ఆఫీసరు గారు వస్తున్నారు. మీకు ఒంట్లో బాగోలేదని చెబుదాం. ఉపసర్పంచి పల్లంరాజు మీ బదులు కూర్చుని చూసుకుంటాడు. మీకెందుకమ్మా శ్రమ."

శ్రీనివాసరాజు కాగితం తీసి జేబులో పెట్టుకున్నాడు. సంతకం తప్పిందని శ్రీసత్యకి ఒక్క క్షణం ప్రాణం తేలికపడింది. ఆ తర్వాత అర్థమైంది. తను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా గండి పూడుతుంది. ఆ గదిలో కుర్చీల్లాగే తనూ ఒకర్తె ఉంది, అంతే. లేచి వంటింటి దారిన పెరట్లోకి వెళ్ళింది.

పెరట్లో తలుపులమ్మ చేపల మేత కలుపుతోంది. తవుడూ వేరుశనగ చెక్కా కలిపి, అడుగున చిల్లులు పొడిచిన సంచుల్లో నింపి, చెరువులో పాతిన గెడలకి కడతారు. చేపలు వచ్చి సంచి కింద మూతి పెట్టి పీల్చుకు తింటాయి. తలుపులమ్మది పాలెమే. పొద్దున్నే తన చేపల తట్ట కోడలితో ఊళ్ళోకి పంపించి, తను ఇక్కడికి పనికొస్తుంది. శ్రీసత్య చీర కొంగు దోపుకుని ఎదురుగా కూర్చుని సంచి మూతి పట్టుకుంది.

"గండి మూసేత్తారంటండీ, చిన్నమ్మగారూ?" అంది తలుపులమ్మ, తవుడు మీంచి చూపు ఎత్తకుండా.

"ఎవరు చెప్పారు?"

"పాలెంలో అనుకుంటున్నారండి. పెద్దకాలవ చుట్టి ఎల్లాలంటే పొద్దెక్కిపోద్దండి. ఐసు వ్యాను మాకోసం ఆగదు కదండీ. మెత్తబడిపోయిన చేప ఎవడు కొంటాడు చెప్పండి? పిల్లలు బడికి కూడా అటే ఎల్లాలి." చెక్క గడ్డని చేత్తో నలిపింది. "సర్పంచిగారికి చెప్పుకుందావని మావోళ్ళు అనుకుంటున్నారండి. ఆరు మంచోరే. చిన్నదొరగారు ఇంటారు."

శ్రీసత్య చేతిలో సంచి జారింది. "సర్పంచిని నేను, తలుపులమ్మా."

"ఆయ్, అవునండి," అంది తలుపులమ్మ ఎంతో మర్యాదగా, చంటిపిల్ల తను రాజకుమార్తెనంటే అవునవునన్నట్టుగా. శ్రీసత్యకి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మామగారి మాటకి రాని కోపం ఈ మాటకి వచ్చింది. కానీ కోపం ఎవరి మీదో తెలియలేదు.

సాయంత్రం బోటు నడిపే చంద్రరావు డీజిలు డబ్బాలు మోసుకుంటూ వస్తే మెట్ల మీద ఆపింది. బుధవారం పొద్దున్న తనని కూడా ఊళ్ళోకి తీసుకెళ్ళాలంది. చంద్రరావు డబ్బాలు కింద పెట్టి తల గోక్కున్నాడు.

"తవరు చెప్పడం, నేను కాదనడమాండీ? దొరగారితో ఒక్క మాట చెప్పించండి. ఆ నిమిషానే ఇంజను తిప్పుతాను."

అంటే కాదనే. ఆ ఇంటి మాటతీరు బోటు నడిపేవాడికి కూడా పట్టుబడింది.

ఆ మేడ కొల్లేటి అంచున, చెరువు గట్టు మీద కట్టింది. ఎండాకాలం గట్ల మీదుగా జీపు నడుస్తుంది. శ్రావణం వచ్చిందంటే సరస్సు పొంగి లోతట్టు చెరువుల గట్లు మునిగిపోతాయి. కార్తీకం దాటేదాకా బోటొక్కటే గతి. చూడటానికి అంతా ఒకటే నీరు, ఎటు పడితే అటు పోవచ్చనిపిస్తుంది. కానీ ఆ నీటికి జానెడు కింద మునిగిన గట్లుంటాయి, వాటి మీద కిందటేడు పాతిన ఇనపగొట్టాలూ, నైలాన్ వలల కంచెలూ ఉంటాయి. పడవకి దారి పాత డ్రెయిను వెంబడే, అది పాములా మెలికలు తిరుగుతుంది. అందుకని ఏటా నీరు రాగానే చంద్రరావు ఖాళీ చెరువు మందుల డబ్బాలకి మూతలు బిగించి, తాడుకి ఇటుకలు కట్టి, డ్రెయినుకి రెండు వైపులా వదులుతాడు. ఒక ఒడ్డున ఎర్ర రంగు వేసినవి, రెండో ఒడ్డున తెల్లవి. రెండు రంగుల మధ్యన పోతే క్షేమం.

సోమవారం ఊళ్ళో కరణంగారింట్లో పేరంటం ఉంది. పేరంటానికి మాత్రం 'మీకెందుకమ్మా శ్రమ' లేదు. అత్తగారు వరలక్ష్మమ్మా, శ్రీసత్యా బోటెక్కారు.

రాజుల ఇళ్ళల్లో ఘోషా చాలా చోట్ల ఎప్పుడో సడలిపోయింది. భీమవరంలో ఆడపిల్లలు స్కూటీల మీద కాలేజీకి పోతున్నారు. అబ్బాయిరాజు గారి బోటులో మాత్రం ఏ మార్పూ లేదు. ముందు స్టీరింగు దగ్గర చంద్రరావు, పక్క బల్ల మీద మగవాళ్ళు, మధ్యలో ముదురునీలం పరదా. పరదా వెనక, బోటు చివర, ఇంకో బల్ల. దాని మీద ఆడవాళ్ళు వెనక్కి తిరిగి కూర్చోవాలి. వెళ్ళేది ఊరికైనా వాళ్ళకి కనిపించేది తమ ఇల్లే. ఏ చెట్టయినా, ఏ కొంగయినా వెనక పడ్డాకే వాళ్ళ కంటబడుతుంది. తిరిగి రావడం ఎప్పుడూ దీపాలు పెట్టాకే, చీకట్లో ఏమీ కనపడదు.

ఆ రోజు శ్రీసత్య కళ్ళు నీటి మీంచి తీయలేదు. మెలికలు తిరిగే ఆ దారిని మనసులో అచ్చు వేసుకుంది. ఎర్ర డబ్బాలు తన కుడిచేతి వైపు, తెల్ల డబ్బాలు ఎడమచేతి వైపు. విరిగిన విద్యుత్తు స్తంభం దగ్గర పెద్ద మలుపు. తర్వాత గండి, అక్కడ పాలెం పిల్లలు మెడలోతు నీళ్ళలో ఈదుతూ బోటుని చూసి చేతులు ఊపారు. గండి దాటాక తుమ్మకంప, ఆ తర్వాత తిన్నగా రేవు. ఎర్ర కుడి, తెల్ల ఎడమ. ఎర్ర కుడి, తెల్ల ఎడమ. పెదవులు కదులుతున్నాయని ఆమెకి తెలియలేదు.

"ఏం చూస్తున్నారమ్మా అంతలా?" అంది వరలక్ష్మమ్మ.

"డబ్బాలండి, అత్తయ్యగారూ."

వరలక్ష్మమ్మ కొంగు సర్దుకుంది. ఇంజను చప్పుడు వల్ల మాట పరదా దాటి పోదని తెలిసి కూడా గొంతు తగ్గించింది. "కాపురానికొచ్చిన కొత్తలో నేనూ చూసేదాన్ని. అప్పుడు డబ్బాలు కాదు, కుండలు కట్టేవాళ్ళు."

"తర్వాతండి?"

"తర్వాతేముంది, మానేశాను."

శ్రీసత్య మళ్ళీ డబ్బాల వైపు తిరిగింది. తనూ ఇంకొన్నాళ్ళకి ఇంత నింపాదిగా ఈ మాట అంటుందేమో. ఆ ఊహ ముందు గండి సంగతి కూడా ఒక్కసారి చిన్నదైపోయింది. బుధవారం ఎలాగైనా వెళ్ళాలని ఆ బల్ల మీదే నిశ్చయించుకుంది.

దారి అడిగితే తలుపులమ్మ చెప్పేదే. కానీ రేపు అబ్బాయిరాజు గారు 'ఎవరు చెప్పారమ్మా' అని మెత్తగా అడిగితే ఆమె నోట మాట రాదు, ఎల్లుండి ఆమెకి పనుండదు. అందుకే ఎవరినీ అడగలేదు.

బుధవారం పొద్దున్న మగవాళ్ళిద్దరూ ఫలహారం చేసి బోటెక్కారు. ఇంజను చప్పుడు దూరమయ్యేదాకా శ్రీసత్య వంటింట్లో గిన్నెలు సర్దుతూ నిలబడింది. తర్వాత చెప్పులు విడిచి రేవు మెట్లు దిగింది. మెట్ల పక్కన బయటి చెరువులకి మేత మోసే చిన్న దోనె కట్టి ఉంది. తలుపులమ్మ అందులోంచి ఖాళీ సంచులు తీస్తోంది.

"గెడ ఇలా ఇవ్వు," అంది శ్రీసత్య.

తలుపులమ్మ ముఖం పాలిపోయింది. "వద్దండి చిన్నమ్మగారూ! మీకు దండం పెడతాను. నా పీకల మీదకొత్తాదండి."

"నువ్వు చూడలేదు. పెరట్లో సంచులు కుడుతున్నావు. వెళ్ళి కుట్టుకో."

తలుపులమ్మ రెండడుగులు వేసి, వెనక్కొచ్చి, ముడి విప్పి, గబగబా పెరటి వైపు వెళ్ళిపోయింది. మొగల్తూరులో పుట్టింటి చెరువులో చిన్నప్పుడు ఆడుకున్న చేతులే కాబట్టి గెడ పట్టు శ్రీసత్యకి కొత్తగా లేదు. ఒక్క తోపుతో దోనె మెట్లని వదిలింది. అప్పుడు మేడ మీద కిటికీ తెరుచుకుంది. వరలక్ష్మమ్మ. చేతిలో పూజ పళ్ళెం.

వరలక్ష్మమ్మ చాలాసేపు చూసింది. "ఎండగా ఉంది. తల మీద కొంగు కప్పుకోండమ్మా," అంది, కిటికీ మూసేసింది.

మొదట బాగానే సాగింది. శ్రీసత్య దోనె ముక్కు ఊరి వైపు తిప్పి, నిలబడి గెడ వేస్తూ, మొదటి ఎర్ర డబ్బా కోసం చూసింది. కనిపించింది. కుడిచేతి వైపు ఉండాలి కదా అని దాన్ని కుడికి వదిలి పోయింది. రెండోదీ అంతే. నీరు లోతు తక్కువగా తగులుతోందనీ, గెడ బురదలో కాకుండా గట్టి మట్టిలో దిగుతోందనీ చేతులకి తెలిసింది గాని, మనసు తన పాఠం వల్లెవేసుకుంటోంది. ఎర్ర కుడి. తెల్ల ఎడమ. ఇంకో ఎర్రది కుడికి రాగానే దోనె కింద ఏదో బరబరమని రాసుకుంది, దోనె ఎగిరిపడి ఆగింది. ఆమె మోకాళ్ళ మీద పడింది.

దోనె మునిగిన గట్టెక్కి రెండు ఇనపగొట్టాల మధ్య ఇరుక్కుంది. గెడ వేస్తే గెడకి వల చుట్టుకుంది. లాగితే ఇంకా బిగిసింది. ఆ పాత నైలాన్ వలలో ఎప్పటివో చేప ముళ్ళు, నాచు. కుడికి ఊపింది, ఎడమకి ఊపింది. దోనె అరంగుళం కదిలి మళ్ళీ అక్కడే కూర్చుంది. అంతలో నీటి మీదుగా ఊరి వైపు నుంచి మైకు చప్పుడు వినిపించింది. "హలో, హలో, మైక్ టెస్టింగ్." తర్వాత పంచాయతీ మీటింగుకి అందరూ రావాలని ఎవరో పిలుస్తున్నారు.

శ్రీసత్యకి ఏడుపొచ్చింది. మునిగిపోతానని కాదు, అక్కడ నీరు నడుము దాటదు. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటే బోటు తిరిగొస్తుంది. చంద్రరావు ఇంజను ఆపుతాడు. మామగారు ముందు బల్ల మీంచి చూసి 'అయ్యో, తడిసిపోయారమ్మా' అంటారు. తువ్వాలు ఇప్పిస్తారు. భర్త తల దించుకుంటాడు. ఒక్కరు కూడా ఒక్క మాట అనరు. ఆ తర్వాత ఆమె జన్మలో మళ్ళీ నోరెత్తలేకపోతుంది. ఆ తువ్వాలు తలుచుకుంటేనే చలేసింది.

అడ్డచెక్క మీద కూలబడింది. దోనె ముక్కు వైపు కంచె తప్ప ఏమీ లేదు, అందుకని ఇంటి వైపు తిరిగి కూర్చుంది. కళ్ళు తుడుచుకుని చూస్తే ఎదురుగా మేడ. మేడకీ తనకీ మధ్య నీటి మీద ఎర్ర డబ్బాల వరస, తెల్ల డబ్బాల వరస. వాటి నడుమ నల్లగా, నింపాదిగా డ్రెయిను. డ్రెయినుకి ఎర్రవన్నీ కుడిచేతి వైపు. తెల్లవన్నీ ఎడమచేతి వైపు. సోమవారం వెనక బల్ల మీంచి చూసిన బొమ్మ అచ్చం ఇదే. తను మాత్రం డ్రెయినులో లేదు, ఎర్ర డబ్బాలకి అవతల ఉంది.

అప్పుడు తెలిసింది. దారి తప్పుగా నేర్చుకోలేదు. ముఖం ఇంటి వైపు పెట్టుకుని నేర్చుకుంది. ఇన్నేళ్ళూ ఆమెని ఎటు తిప్పి కూర్చోబెట్టారో అటు నుంచే కుడీ ఎడమా లెక్కేసింది. ఊరి వైపు తిరిగి నిలబడ్డాక కూడా పాత కుడినే పట్టుకుని వేలాడింది. ఏడుస్తూనే నవ్వొచ్చింది ఆమెకి. ఒంటరిగా ఉంది కాబట్టి గట్టిగానే నవ్వింది.

చీర దోపుకుని నీళ్ళలోకి దిగింది. మునిగిన గట్టు మీద కాలు పెట్టగానే నత్తగుల్ల అరికాలు కోసింది. చేతులు నీళ్ళలోకి పోనిచ్చి గొట్టానికి చుట్టుకున్న వల పోగులు ఒక్కొక్కటే వేలితో వెతికి, చేతిగాజు పెంకుతో కోసింది. గాజు కావాలని పగలగొట్టలేదు, దోనె అంచుకి తగిలి పగిలింది, పనికొచ్చింది. భుజం ఆనించి నెట్టింది. ఒకసారి కాదు, లెక్క మరిచిపోయేన్నిసార్లు నెట్టింది. చివరికి దోనె గురక పెట్టినట్టు చప్పుడు చేసి గట్టు దిగి, ఎర్ర డబ్బా పక్కనుంచి డ్రెయినులోకి జారింది.

దోనెలోకి ఎక్కాక శ్రీసత్య ఊరి వైపు తిరగలేదు. కుడి ఎడమలు మార్చుకుని మళ్ళీ పాఠం చదివే ఓపిక లేదు. ఇంటి వైపే ముఖం పెట్టుకుని, గెడ ముందు దించి, ఒంటి బరువంతా వేసి తోసింది. దోనె వెనక్కి, ఊరి వైపు పోయింది. ఎర్రది కుడికి వచ్చింది, తెల్లది ఎడమకి వచ్చింది. మలుపు దగ్గర మాత్రం భుజం మీంచి ఒకసారి చూసుకునేది. గండి దాటేటప్పుడు వలలు విడదీసుకుంటున్న పాలెం ఆడవాళ్ళు పని ఆపి, వెనక్కి నడిచే దోనెనీ అందులో మేడింటి చిన్నమ్మగారినీ నోరు తెరుచుకుని చూశారు. మేడ అంతకంతకూ చిన్నదైపోయింది. ఆమెకి సంతోషమూ భయమూ ఒక్కసారే వేశాయి.

పంచాయతీ ఆఫీసు గుమ్మంలో అటెండరు అడ్డుగా చెయ్యి చాచాడు. తడిసిన చీర, రక్తం కారుతున్న పాదం చూసి పాలెం మనిషి అనుకున్నాడో ఏమో.

"ఆడోళ్ళు అటు పక్కన కూచోవాలమ్మా. అర్జీలు ఆఖర్న తీసుకుంటారు."

"నేను సర్పంచిని," అంది శ్రీసత్య.

అటెండరు నవ్వబోయాడు. లోపల మాటలు ఆగిపోయాయి. బల్లకి అవతల మధ్య కుర్చీలో ఉపసర్పంచి పల్లంరాజు, ఒక పక్క మండలాఫీసు నుంచి వచ్చిన ఆఫీసరు, రెండో పక్క అబ్బాయిరాజు గారు. గోడవార శ్రీనివాసరాజు. గది నిండా జనం. ఏడాది పైగా తమ ఊరి సర్పంచి ఎవరో చూడని జనం ఇప్పుడు చూస్తున్నారు.

"సర్పంచిగారికి ఒంట్లో బాగోలేదన్నారు కదండీ?" అన్నాడు ఆఫీసరు, అబ్బాయిరాజు గారి వైపు తిరిగి.

శ్రీసత్య మామగారి ముఖం చూసింది. ఆ ముఖం మీద మొదటిసారి చిరునవ్వు లేదు. ఇప్పుడాయన 'ఇంటికి పదండి' అంటే చాలు, ఆమె కాళ్ళు వాటంతటవే వెనక్కి తిరిగేవి. ఆ సంగతి ఆమెకి తెలుసు. కానీ నలుగురిలో, పరాయి ఆఫీసరు ముందు, ఇంటి కోడలిని గద్దించడం అబ్బాయిరాజు గారికి చేతకాదు. అరవయ్యేళ్ళుగా ఎవరినీ కసరని నోరది. గుమ్మంలో ఆడమనిషి నిలబడి ఉంటే తను కూర్చుని ఉండటం కూడా ఆయనకి చేతకాదు. ఆయన లేచారు. లేచాక ఇంకేం చెయ్యాలో తోచక, అలవాటైన మాటే అన్నారు.

"రండమ్మా. కూర్చోండి."

పెద్దాయన లేచేసరికి పల్లంరాజు ఉలిక్కిపడి మధ్య కుర్చీ ఖాళీ చేశాడు.

"ఇప్పుడు నయంగా ఉన్నట్టుందండి," అన్నారు అబ్బాయిరాజు గారు ఆఫీసరుతో.

శ్రీసత్య కూర్చుంది. కుర్చీ తడిసింది. ఆఫీసరు తీర్మానం చదివి, ఆమె అభిప్రాయం అడిగాడు. ఆమె చెప్పింది. ఎవరికీ వినపడలేదు.

"కొంచెం గట్టిగా చెప్పండమ్మా," అన్నాడు ఆఫీసరు.

గట్టిగా ఎలా మాట్లాడాలో ఆమె మరిచిపోయింది. ఇందాక దోనెలో నవ్విన నవ్వు గుర్తు తెచ్చుకుని, అంత గొంతూ పెట్టి, "ఆ గండి పాలెం వాళ్ళ దారి. పూడ్చడానికి నేను ఒప్పుకోను," అంది. అవసరమైన దానికంటే ఎక్కువే గట్టిగా వచ్చింది. గోడవార ఎవరో దగ్గారు.

ఆఫీసరు కలం కాస్సేపు ఆడించాడు. "అయితే ఇవాళ వాయిదా వేద్దాం. నేను వెళ్ళి స్థలం చూడాలి. వచ్చే మీటింగులో మీరే కూర్చుని తేల్చాలి. మీరు రాకపోతే మాత్రం ఉపసర్పంచి గారితో కానిచ్చేస్తాను. మళ్ళీ మళ్ళీ తిరగలేను."

సాయంత్రం ఆమె బోటులో వెనక బల్ల మీదే ఇంటికొచ్చింది. దోనెని తాడుతో వెనక కట్టారు. దారి పొడుగునా ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక పాదానికి పసుపు రాయమని మామగారు అత్తగారితో చెప్పారు. శ్రీనివాసరాజు గదిలో కూడా, "నొప్పిగా ఉందా?" అని తప్ప ఏమీ అడగలేదు. దీపం ఆర్పబోతూ, "అంత గట్టిగా మాట్లాడతారని నాకు తెలీదు," అన్నాడు. అది మెచ్చుకోలో నిష్ఠూరమో ఆమెకి అంతుపట్టలేదు.

శుక్రవారం పొద్దున్న డాబా మీద బట్టలు ఆరేయడానికి వెళ్ళి ఆమె నీటి వైపు చూసింది. ఎర్ర డబ్బాలు లేవు. తెల్ల డబ్బాలూ లేవు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకటే నీరు. కింద రేవులో చంద్రరావు డబ్బాలన్నీ కుప్ప పోసి తాళ్ళు చుడుతున్నాడు. చంద్రరావుకి దారి చేతుల్లో ఉంది, డబ్బాలు లేకపోయినా బోటు నడుస్తుంది. దోనె నడవదు. తడి బట్ట చేతిలో పట్టుకుని ఆమె నిలబడిపోయింది. తలుపుకి గడియ వేసిన చప్పుడు కూడా కాలేదు, అంత మర్యాదగా వేశారు.

కిందకి దిగేసరికి మామగారు ఫలహారానికి కూర్చున్నారు. దిబ్బరొట్టె, బెల్లం పాకం. వరలక్ష్మమ్మ వడ్డిస్తోంది. శ్రీనివాసరాజు పక్కన కూర్చుని పేపరు చూస్తున్నాడు. శ్రీసత్య అత్తగారి చేతిలోంచి పళ్ళెం అందుకుని, గుమ్మం దగ్గర ఆగకుండా బల్ల దాకా వచ్చింది.

"మామయ్యగారండీ, మీరేమీ అనుకోకండి," అంది.

ఆయన తలెత్తారు.

"డబ్బాలు తీయించినట్టున్నారు."

"రంగు పోయిందమ్మా. బాగోలేవని తీయించాను."

"మంచిపని చేశారండి. నేను కూడా అదే అనుకుంటున్నాను. మొన్న దోనె మీద వెళ్ళి మీ అందరినీ ఇబ్బంది పెట్టాను. వచ్చే మీటింగుకి మీతోపాటే బోటులో వస్తానండి. ముందు బల్ల మీద మీ పక్కన కూర్చుంటాను. రేవులో మీరే దింపి, ఆఫీసు దాకా తీసుకెళ్ళండి. మీరుండగా నాకెందుకండీ శ్రమ?"

శ్రీనివాసరాజు చేతిలో పేపరు కిందకి దిగింది.

అబ్బాయిరాజు గారు రొట్టె ముక్క పాకంలో ముంచి, ముంచినది తినకుండా అలాగే పట్టుకున్నారు. పాకం పళ్ళెంలోకి కారింది. కోడలు దోనె మీద వస్తే అది కోడలి పంతం, చిన్నతనం, నలుగురిలో నవ్వేసి ఊరుకోవచ్చు. తన పక్కన ముందు బల్ల మీద కూర్చోబెట్టుకుని పట్టపగలు రేవులో దింపితే, తన గండికి అడ్డం పడే మనిషిని తనే వెంటబెట్టుకొచ్చినట్టు. ఊరు పదేళ్ళు చెప్పుకుంటుంది. పోనీ కుదరదని అనాలి. ఆ మాట ఆయన జన్మలో ఎవరితోనూ అనలేదు, దాన్ని పలికే దారి ఆయనకి తెలియదు.

"ముందు బల్ల మీద ఎండ కొడుతుందేమోనమ్మా," అన్నారు చివరికి.

"కొంగు కప్పుకుంటానండి."

వరలక్ష్మమ్మ పాకం గిన్నె బల్ల మీద పెట్టింది. పెట్టిన చప్పుడు ఆ ఇంటి అలవాటుకి కాస్త గట్టిగానే అయింది. అబ్బాయిరాజు గారు భార్య వైపు చూశారు. ఆవిడ ఇంకెటో చూస్తోంది. ఆయన మెల్లిగా కొడుకు వైపు తిరిగారు.

"ఏవండీ, చంద్రరావుని ఒకసారి పిలవండి. ఆ డబ్బాలకి కొత్త రంగు వేయించి, ఎక్కడివక్కడ కట్టేయమని చెప్పండి."

"అలాగే నాన్నగారూ," అని శ్రీనివాసరాజు లేచాడు.

శ్రీసత్య మామగారి పళ్ళెంలో ఇంకో రొట్టె ముక్క వేసింది.